పళ్ల డాక్టరు గురక గురించి ఎందుకు అడిగారు?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. తిరుపతిలో ట్యాక్సీ నడుపుతారు, కొండకు ట్రిప్పులు ఎక్కువ. గురక ఎప్పటినుంచో ఉంది, ఈమధ్య నిద్రలో పళ్లు కూడా కొరుకుతున్నారు. దవడ పన్ను నొప్పి అంటే పళ్ల డాక్టరుకు చూపించాం. ఆయన నోరు చూసి, ‘నిద్రలో ఊపిరి ఆగుతుందా? పగలు కునుకు వస్తుందా?’ అని అడిగారు. రెండూ ఉన్నాయి. నిద్ర పరీక్ష చేయించుకు రండి, అవసరమైతే నోట్లో పెట్టుకునే పరికరం ఇస్తానన్నారు. పంటికీ నిద్రకీ ఏమిటి సంబంధం? ఎనిమిదేళ్ల మా బాబు కూడా నోరు తెరుచుకునే పడుకుంటాడు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ పళ్ల డాక్టరు అడగాల్సిందే అడిగారమ్మా. గురక వస్తోందని ఎవరూ ఆసుపత్రికి రారు, పన్ను నొప్పి పుడితే మాత్రం పరుగున వస్తారు. కుర్చీలో పడుకోబెట్టి నోరు తెరిపిస్తే గొంతు దారి ఎంత ఇరుకో కనబడిపోతుంది. కింది దవడ చిన్నదై వెనక్కి ఉండటం, అంగిలి ఇరుగ్గా లోతుగా ఉండటం, నాలుక అంచుల మీద పళ్ల అచ్చులు, అరిగి చదునైన దవడ పళ్లు... ఇవన్నీ అనుమానానికి ఆధారాలు. అనుమానానికే సుమా, పళ్లు కొరికే ప్రతివాళ్లకూ ఈ జబ్బు ఉండదు.

నిద్రపట్టాక గొంతు కండరాలు వదులవుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక మొదలు వెనక్కి జారుతుంది. మిగిలిన సందులోంచి గాలి దూరుతుంటే మెత్తటి అంగిలి, కొండనాలుక అదురుతాయి. ఆ చప్పుడే గురక. సందు పూర్తిగా మూసుకుపోతే 10 సెకన్లో, అంతకన్నా ఎక్కువో ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడుతుంది, మనిషి పెద్ద శబ్దంతో గాలి పీల్చుకుంటాడు. రాత్రంతా ఇదే తంతు. తెల్లారి ఆయనకేమీ గుర్తుండదు, పక్కన మేలుకున్న మీకే తెలుస్తుంది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. వదిలేస్తే బీపీ పెరుగుతుంది, గుండెకూ మంచిది కాదు.

నాకు అన్నిటికంటే భయం వేసింది ఆయన వృత్తి చూసి. పగలు కునుకు పడే మనిషి ఘాట్ రోడ్డు మలుపుల్లో యాత్రికులను ఎక్కించుకుని తిరగడం ప్రమాదం. జబ్బు సంగతి తేలేదాకా రాత్రి ట్రిప్పులు, తెల్లవారుజాము ట్రిప్పులు ఒప్పుకోవద్దనండి. కునుకు మరీ ఎక్కువగా ఉంటే బండే తీయొద్దు. ఇంటి ఖర్చులు నాకూ తెలుసు, అయినా చెప్పక తప్పదు.

రుయా లాంటి పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరుకు గానీ ఈఎన్‌టీ డాక్టరుకు గానీ చూపించండి. పరీక్ష ఎక్కడ చేయించాలో వాళ్లే రాసిస్తారు. వెళ్లేముందు ఆయన నిద్రపోతుంటే ఫోన్లో రెండు నిమిషాల వీడియో తీసి పెట్టుకోండి, చాలా పనికొస్తుంది. శ్వాస ఆగడం, బాగా తగ్గడం గంటకు ఎన్నిసార్లో రిపోర్టులో ఉంటుంది. 5 నుంచి 15 లోపు అయితే తక్కువ స్థాయి, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. తీవ్రంగా ఉంటే మాస్కుతో గాలి పంపే సీప్యాప్ యంత్రమే ముందు మాట. తక్కువ, మధ్యస్థ స్థాయిలోనూ, సీప్యాప్ ఓర్చుకోలేనివాళ్లకూ పళ్ల డాక్టరు చెప్పిన పరికరం పనికొస్తుంది.

అది పైపళ్లకూ కిందిపళ్లకూ తొడిగే ప్లేటు. రాత్రిపూట కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నిలిపి ఉంచుతుంది. దవడతో పాటు నాలుక మొదలూ ముందుకొస్తుంది, దారి తెరుచుకుంటుంది. అయితే దాని బరువంతా మోసేది పళ్లే. పిప్పిపళ్లు, కదిలే పళ్లు, చీము పట్టిన చిగుళ్లు ఉంటే అది నిలవదు. అందుకే ఫిల్లింగులు, చిగుళ్ల వైద్యం ముందు పూర్తిచేస్తారు. మొదట్లో పొద్దున లేవగానే దవడ నొప్పి, నోట్లో నీరూరడం మామూలే. ఏళ్ల తరబడి వాడితే పైపళ్లూ కిందిపళ్లూ కలిసే తీరు కొద్దిగా మారొచ్చు, కాబట్టి మధ్యమధ్య చూపించుకోవాలి. అలవాటయ్యాక అది పెట్టుకునే మరోసారి నిద్ర పరీక్ష చేయించాలి. గురక చప్పుడు తగ్గినంత మాత్రాన ఊపిరి ఆగడం తగ్గిందని కాదు.

పళ్లు అరగకుండా నైట్ గార్డ్ అనే మామూలు పళ్ల తొడుగు ఒకటి వేయించేస్తే సరిపోదా అనుకోవద్దు. ఆప్నియా ఉన్న కొందరిలో అది సమస్యను పెంచవచ్చు. ఆన్‌లైన్లో దొరికే, వేడినీళ్లలో ముంచి పళ్లతో కొరికి అమర్చుకునే పరికరాలు, రీల్స్‌లో చూపించే నోటికి టేపు వేసుకోవడాలు అసలే వద్దు.

క్లీనింగ్ చేయించి గార తీసేస్తే గురక పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ నోరు తెరిచి పడుకుంటే లాలాజలం ఎండి పళ్లు త్వరగా పుచ్చుతాయి, చిగుళ్లు ఎర్రబడతాయి. కాబట్టి రాత్రి బ్రషింగ్ మానకూడదు, ఫ్లోరైడ్ పేస్టు వాడాలి. మద్యం అలవాటుంటే పడుకునేముందు కచ్చితంగా మానాలి. బరువు ఎక్కువుంటే తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలు చేస్తాయి.

బాబు విషయం ఆలస్యం చేయకండి. ఈ వయసులో ఎక్కువగా కారణం ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్ అనే కండ, గొంతులోని టాన్సిల్స్ పెరగడం, లేదంటే అలర్జీ. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. పై దవడ ఇరుగ్గా ఉందని తేలితే, ఎముక ఇంకా ఎదిగే వయసే కాబట్టి క్లిప్పుల డాక్టరు అంగిలిని వెడల్పు చేసే పరికరం పెట్టగలరు. స్కూల్లో తూగుతున్నాడా, రాత్రి పక్క తడుపుతున్నాడా అన్నది కూడా గమనించి డాక్టరుకు చెప్పండి.