కిస్తు కట్టలేని సభ్యురాలు: అధ్యక్షురాలు ఎంత మెత్తగా ఉండవచ్చు?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న పల్లె. మా బచత్ గట్‌కు, అంటే పొదుపు సంఘానికి, నేను అధ్యక్షురాలిని. మా సభ్యురాలు ఒకామె, భర్త మంచాన పడటంతో ఈ ఏడు మిరపకాయలు ఏరడానికి తెలంగాణకు వెళ్లలేకపోయింది; కిస్తులు ఆగిపోయాయి. ఒక కిస్తు ఎవరికీ చెప్పకుండా నేనే కట్టాను. మిగిలినవారు ఆమె ఇంటి ముందు కూర్చుందామంటున్నారు. మెత్తగా ఉంటే అందరికీ అలుసైపోతావని మా అత్తమ్మ హెచ్చరిస్తున్నది. నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ జాలిలో దోషమేమీ లేదు, దాన్ని గుట్టుగా ఉంచడమే చిక్కు తెచ్చిపెట్టింది. గట్ అంతా కలిసి ఆలోచించవలసిన కష్టం ఇప్పుడు మీ ఇద్దరి మధ్య వ్యవహారంగా మారింది. ఆమె మీకు మొహమాటపడుతుంది. సంగతి బయటపడిన నాడు, మా ఇంట్లో జబ్బు చేసినప్పుడు ఈ దయ ఎక్కడికి పోయిందని మరొక సభ్యురాలు అడుగుతుంది. ఆ ప్రశ్నకు మీ దగ్గర సమాధానం ఉండదు.

మీ జిల్లాలోనే పనిచేసిన స్త్రీ వైద్య నిపుణురాలు రాణీ బంగ్ ఈ సందర్భంలో గుర్తుకు వస్తున్నారు. ఆడవాళ్లు సిగ్గుతో లోలోపల దాచుకునే బాధలను ఆమె ఒక్కొక్కరికీ మందిచ్చి పంపడంతో సరిపెట్టలేదు. రెండు పల్లెల్లో 650 మందిని పరీక్షించి, వారిలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉన్నదనీ, అంతకుముందు అటువంటి పరీక్ష జరిగినది 8 శాతం మందికేననీ 1989లో లాన్సెట్ వైద్యపత్రిక ద్వారా వెల్లడించారు. ఒక్క స్త్రీ పేరైనా బయటపెట్టకుండా, అందరి బాధనూ ప్రపంచం పట్టించుకోక తప్పని విషయంగా చేశారు.

మీరు ముందుగా ఆమె ఇంటికి ఒంటరిగా వెళ్లండి. భర్త జబ్బు గురించి బైఠకులో ఎంతవరకు చెప్పవచ్చునో ఆమెనే అడిగి, ఆమె వద్దన్నది చెప్పకండి. ఆ తరువాత బైఠకులో రెండు లెక్కలను విడదీసి చూడాలి. బ్యాంకు అప్పు గట్ పేరున ఉన్నది కనుక ఆ కిస్తు ఆగకూడదు; బాకీ 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండిబాకీగా లెక్కిస్తుంది, ఆ తరువాత కొత్త అప్పు పుట్టడం అందరికీ కష్టమవుతుంది. సభ్యురాలు గట్‌కు కట్టవలసిన కిస్తును మాత్రం మీరందరూ ఒప్పుకుంటే వాయిదా వేయవచ్చు. అంతదాకా బ్యాంకు కిస్తుకు తగ్గిన మొత్తాన్ని పొదుపులోంచి సర్దవచ్చు. మే నెలలో తునికాకు డబ్బు చేతికి వచ్చాక ఎంత కడుతుందో, వడ్డీ ఎంతో ఆమె నోటనే చెప్పించి తీర్మానం రాయించండి. మీ వైపు రిజిస్టరు మరాఠీలోనే రాస్తారు కాబట్టి, సంతకాలకూ వేలిముద్రలకూ ముందు దాన్ని తెలుగులో బిగ్గరగా చదివి వినిపించాలి. ఇది పట్టింపు అనుకోకండి. సగం తగాదాలు ఏం రాశారో తెలియకుండా వేసిన వేలిముద్రల దగ్గరే మొదలవుతాయి. రేపు ఇంకొకరి ఇంట్లో ఇటువంటి ఆపద వస్తే ఇదే వెసులుబాటు వర్తిస్తుందని కూడా ఆ తీర్మానంలోనే ఉండాలి.

ఇంటి ముందు కూర్చోవడానికి మాత్రం ఒప్పుకోకండి. ఊరూరా సాగిన ఆందోళన తరువాత 1993లో మీ జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. అప్పుడు ఆడవాళ్లు నిలదీసింది సారా వ్యాపారాన్ని, తాగుబోతుల భార్యలను కాదు. మంచాన పడ్డ మనిషి గుమ్మంలో పదిమంది బైఠాయిస్తే కిస్తు రాదు సరికదా, ఆమె రాత్రికి రాత్రే వడ్డీ వ్యాపారి దగ్గర చెయ్యి చాపుతుంది. ఈ మాట సభ్యుల ముఖం మీదే చెప్పండి, వారికి కోపం వచ్చినా సరే. తునికాకు డబ్బు వచ్చాక కూడా ఆమె కట్టకపోతే, తీర్మానం ప్రకారం అడగవలసినదీ మీరే, అప్పుడు మొహమాటం పనికిరాదు. మీ అత్తమ్మగారి భయంలో అంతమేరకు నిజం ఉన్నది.

ఇక మీరు కట్టిన కిస్తు సంగతి. వచ్చే బైఠకులో దాన్ని మీరే ముందుగా చెప్పి, మీ చేబదులుగా పుస్తకంలో రాయించండి. ఆమె వాయిదాలు తీరాక ఆ మొత్తం మీకు తిరిగి రావాలి.