ఫ్రెంచివారి యానాం: పాలన ఎలా ఉండేది, పాత పెళ్లి కాగితాలు ఎక్కడ వెతకాలి?

అడిగినవారి సంగతి ఇది: ముత్తాతగారి పెళ్లి 1930ల్లో యానాంలో జరిగిందని ఇంట్లో చెప్పుకుంటారు. అప్పుడు యానాం ఫ్రెంచివాళ్ల జిల్లాయేనా? ఆ పెళ్లికి కాగితం దొరుకుతుందా?

ఈనాటి అర్థంలో జిల్లా కాదు. ఫ్రెంచి ఇండియాలో పాండిచ్చేరి, కారైకాల్, చంద్రనగర్, మాహె, యానాం అని ఐదు స్థావరాలుండేవి. గవర్నరు పాండిచ్చేరిలో ఉంటే, ఆయన తరఫున యానాంలో ఒక అడ్మినిస్ట్రేటరు. మధ్యలో ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, అదీ ఇంగ్లీషువాళ్ల నేల మీదుగా. 1880 మార్చి 12 నాటి డిక్రీతో ఈ ఐదింటినీ పది కమ్యూన్లు, అంటే మన మున్సిపాలిటీల్లాంటివి, చేశారు. యానాం మొత్తం ఒకే కమ్యూన్, దానికో మేయరు. జనన మరణాల పుస్తకాలు ఉండేది మేయరు కచేరీలో. కాబట్టి కనకాలపేట, మెట్టకూరు, అడవిపొలం లాంటి ఊళ్లకు విడిగా పుస్తకాలున్నాయేమోనని వెతకడం దండగ.

ఇక ఆ పెళ్లిళ్ల సంగతి. బాల్యవివాహాలను ఆపడానికి తెచ్చిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18 నిండాలి. అది బ్రిటిష్ ఇండియాకే పరిమితం. ఫ్రెంచివాళ్లేమో 1819లోనే స్థానికుల పెళ్లిళ్లూ వారసత్వాలూ వాళ్ల ఆచారం ప్రకారమే నడుస్తాయని ఒప్పుకున్నారు. దాంతో చుట్టుపక్కల గోదావరి ఊళ్లవాళ్లు సరిహద్దు దాటి అక్కడ బాల్యవివాహాలు చేసుకొచ్చారు. యానాంకు కళ్యాణపురమని పేరు పడింది అందుకే. ఇప్పుడు ముచ్చటగా చెప్పుకుంటారు గానీ, చట్టం ఆపబోయింది ఆ పసిపిల్లల పెళ్లిళ్లనే.

అసలు చిక్కు ఇక్కడే. బయట నుంచి వచ్చి, పురోహితుడి చేత తాళి కట్టించుకుని, భోజనాలయ్యాక వెళ్లిపోయినవాళ్ల పెళ్లి మేయరు పుస్తకంలోకి ఎక్కి ఉంటుందన్న భరోసా లేదు. శుభలేఖో, ఆ ఏటి లగ్నపత్రికో ఇంట్లో ఉందేమో ముందు చూడండి. నెల, ఏడు తెలియకుండా ఆఫీసుకు వెళితే పని జరగదు.

తేదీ తెలిస్తే మొదట యానాం మున్సిపాలిటీలో అడగాలి. రెండో దారి, దక్షిణ ఫ్రాన్సులో ఎక్స్‌-ఆన్‌-ప్రోవాన్స్‌లోని వలస దేశాల ప్రభుత్వ ఆర్కైవు. 1776 నాటి రాజశాసనం ప్రకారం కాలనీల రిజిస్టర్లకు ఒక ప్రతి అదనంగా రాసి ఫ్రాన్సుకు పంపేవారు. 1839 తుఫానుకు పక్కనే ఉన్న కోరంగి రేవు ఎలా తుడిచిపెట్టుకుపోయిందో తెలిసినవారికి ఆ ప్రతి విలువ చెప్పక్కర్లేదు. ఆ ఆర్కైవు పాత సంపుటాల స్కాన్లను ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచింది. అయితే జనన, వివాహ రిజిస్టర్లు ఫ్రెంచి చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటితే గాని అందరికీ తెరవరు. ఆన్‌లైన్‌లో ఎక్కువగా దొరికేవి 19వ శతాబ్దానివి, ఆ తర్వాత కొద్ది ఏళ్లవి. 1930ల నాటిది అక్కడ కనిపించలేదంటే అసలు లేదని కాదు, ఉత్తరం రాసి అడగాలి.

పేరు వెతికేటప్పుడు ఫ్రెంచి చెవితో వినాలి. మన 'ఉ'కి వాళ్లు ఓ, యూ అని రెండక్షరాలు రాస్తారు. అందుకే నాయుడు చివర 'డ' తర్వాత ఆ రెండూ ఉంటాయి. 'చ' ముందు టీ, 'జ' ముందు డీ చేరతాయి. ఇంటిపేరుతో దొరక్కపోతే సొంత పేరుతో, తండ్రి పేరుతో చూడండి. ఏడు, తేదీ అంకెల్లో కాక అక్షరాల్లో ఉంటాయి, అందులోనూ 92 అంటే 'నాలుగిరవైల పన్నెండు' అని రాస్తారు. ఆ ముక్క సగమే చదివితే 80 అనుకుని వేరే ఏట్లో వెతుకుతూ కూర్చుంటారు.

ఫ్రెంచి పాలన ఎప్పుడు ముగిసిందన్న దానికి మూడు తేదీలు చెబుతారు, మూడూ నిజమే. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాంను చేతిలోకి తీసుకున్నారు. నాలుగు స్థావరాల పాలన భారత ప్రభుత్వానికి అప్పగించింది 1954 నవంబరు 1న. చంద్రనగర్ అంతకు ముందే వచ్చేసింది. 1956 మే 28న భారత్, ఫ్రాన్సుల మధ్య సంతకాలైన అప్పగింత ఒప్పందం అమలైంది మాత్రం 1962 ఆగస్టు 16న. చట్టం దృష్టిలో ఆ రోజు దాకా ఆ నేల ఫ్రాన్సుదే.

జాతీయత గురించి ఆశ పెట్టుకునేవాళ్లు పట్టించుకోవాల్సింది ఈ మూడో తేదీనే. అక్కడే పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు ఫ్రాన్సునే కోరుకుంటే, ఆ రోజు నుంచి ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పనివాళ్లు భారతీయులయ్యారు. తాళ్లరేవులోనో కాకినాడలోనో పుట్టినవాళ్లు పెళ్లి యానాంలో చేసుకున్నంత మాత్రాన ఈ లెక్కలోకి రారు. ఇంట్లో ఎవరైనా నిజంగా అలా రాసిచ్చి ఉంటే మాత్రం, ఫ్రెంచి విదేశాంగ శాఖ వారి నాంత్‌లోని జనన వివాహ రికార్డుల ఆఫీసుకు పూర్తి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లతో రాసి నకలు అడగవచ్చు.