పాపా, కార్పస్ అంటే శవం కాదు

పాపా,

లా కాలేజీలో లాటిన్ మాటలకు నోరు తిరగడం లేదనీ, పరీక్షలంటే టెన్షన్‌గా ఉందనీ నిన్న ఫోన్లో అన్నావు. నలభై ఏళ్ళు కర్నూలు కోర్టులో నల్లకోటు వేసుకున్నవాడిగా చెబుతున్నా, లిస్టు రాసుకుని బట్టీ పట్టొద్దు. ఒక్క మాట పట్టుకుని లాగు, చెనిక్కాయ చెట్టు పీకితే కాయలన్నీ మట్టితో సహా పైకొచ్చినట్టు దాని చుట్టాలన్నీ వస్తాయి.

హెబియస్ కార్పస్‌నే తీసుకో, పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని ఇచ్చే ఆర్డరు (రిట్) అది. కార్పస్ అంటే దేహం, ఒళ్ళు. మెదడు రెండు సగాలనూ కలిపే నరాల పట్టీని కార్పస్ కలోసం అని బైపీసీలో చదివావు కదా, అదే మాట. పాత పుస్తకాల్లో రక్తకణాలను కార్పసుల్స్ అనేవాళ్ళు, అంటే చిన్ని దేహాలు. మనం ఇంటిపన్ను కట్టే కార్పొరేషన్ కూడా ఇక్కడి నుంచే వచ్చింది. లోపల మనుషులు ఎంతమంది మారినా చట్టానికి అదంతా ఒక్క ఒళ్ళే, అందుకే అది తన పేరు మీదే ఆస్తి కొంటుంది, దావా వేస్తుంది, మేయర్ దిగిపోయినా ఆ దావా ఆగదు. అసలు సొమ్ము ముట్టకుండా వడ్డీతో నడిపే కార్పస్ ఫండ్ సంగతి నీకే అర్థమై ఉంటుంది.

అయితే అర్థం తెలిస్తే సరిపోదమ్మా, ఎదుటి మనిషికి ఎట్లా చెప్తావన్నది చూసుకో. నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఒక పల్లె నుంచి ఒకామె వచ్చింది, కొడుకును స్టేషన్‌కు తీసుకుపోయి నాలుగు రోజులైంది, ఎక్కడున్నాడో ఎవరూ చెప్పడం లేదు. నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే, "హైకోర్టులో వేద్దాం, బాడీని తెచ్చి చూపించమని ఆర్డరిస్తారు" అన్నాను. మన దగ్గర బాడీ అంటే ఏమిటో నీకు తెలుసు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వరండాలో అట్లే కూలబడింది. మా సీనియర్ పరుగున వచ్చి పక్కన కూర్చుని, "మనిషిని తెచ్చి జడ్జిగారి ముందు నిలబెట్టి, ఎందుకు పట్టుకున్నారో చెప్పమని అడుగుతామమ్మా" అని రెండు మూడు సార్లు చెప్తే గానీ ఆమె మంచినీళ్ళు తాగలేదు.

అందుకే ప్రతి లాటిన్ మాట పక్కన ఒక తెలుగు వాక్యం రాసుకో, ఆమెకు చెబుతున్నట్టుగా. రిట్ల కోసం సుప్రీంకోర్టుకూ హైకోర్టుకూ పోయే దారి చూపే రాజ్యాంగం ఆర్టికల్ 32, 226 ఎట్లాగూ చదువుతావు, వాటితో పాటు ఏడీఎం జబల్‌పూర్ తీర్పు కూడా చదువు. ఎమర్జెన్సీలో, 1976లో, ఐదుగురు జడ్జీల్లో నలుగురు హెబియస్ కార్పస్ రిట్ కోసం కోర్టుకు వచ్చే హక్కే లేదన్నారు, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే 2017లో పుట్టస్వామి కేసులో, అదే ప్రైవసీ హక్కు కేసులో, చెప్పింది. ఖన్నా గారు రాసింది మాత్రం మొత్తం చదువు, గైడులో సారాంశం చూసి వదిలేయొద్దు.

దసరాకు వచ్చేటప్పుడు నోట్సు తీసుకురా. కేవియట్, అలిబై, ఎక్స్ పార్టీ, ఈ మూడింటికీ వాక్యాలు రాసుండాలి.

మీ జేజినాయన