దుబ్బ వేరు, వాసన వేరు

ఇల్లూ వాకిలీ: పాఠకుల ప్రశ్నలు
జవాబులు: మిర్యాలగూడలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన లెక్చరరమ్మ

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది మీ ఊరే. మూడేళ్ల కింద ఇల్లు కట్టుకున్నాం. రైస్ మిల్లులు అర కిలోమీటరు దూరం కూడా ఉండవు. పొద్దున ఊడ్చి తడిబట్ట పెడితే మధ్యాహ్నానికల్లా టీవీ మీద వేలితో పేరు రాయొచ్చు. డాబా మీద ఆరేసిన బట్టలకు నల్లటి నుసి. సాయంత్రమైతే వడ్లు నానబెట్టిన పులుపు వాసన పడకగదిలోకి వస్తుంది. అత్తమ్మకు నెల రోజుల నుంచి దగ్గు. మావారు ఎయిర్ ప్యూరిఫైయర్ కొందామంటున్నారు. షాపాయన ‘అయాన్లు వదిలేది తీసుకోండమ్మా, ఫిల్టరు మార్చే బాధే ఉండదు’ అన్నాడు. పదిహేను వేల దాకా పెట్టగలం. ఏది కొనాలి?
– ఒక కోడలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ముందు అత్తమ్మ సంగతి. నెల రోజుల దగ్గుకు మిషన్ మందు కాదు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ దవాఖానలో పైసలు తీసుకోరు. ఈ వారంలోనే తీసుకుపోండి. ప్యూరిఫైయర్ వచ్చే నెల కొన్నా మునిగిపోయేదేం లేదు.

ఇక మీ ఇంటి గాలి. మీరు రాసినవి మూడు వేరువేరు బాధలు. నల్ల నుసి ఒకటి, టీవీ మీది దుబ్బ ఒకటి, పులుపు వాసన ఒకటి. షాపాయన మూడింటికీ ఒకే మాత్ర రాసిచ్చాడు.

నుసి అంటే మిల్లు బాయిలరులో ఊక కాలితే లేచే బూడిద. కంటికి కనిపించేంత లావు. అది గాలిలో సెకన్ల లెక్కనే ఉంటుంది, ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది. అంతకన్నా సన్నం, పది మైక్రాన్ల దుబ్బ, కదలని గదిలో కప్పు నుంచి నేలకు దిగడానికి పావుగంట అటూ ఇటూ పడుతుంది. రెండున్నర మైక్రాన్లకు తగ్గితే గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. ఊపిరితిత్తుల లోపలి దాకా పోయేదీ అదే. మన వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దగ్గర ఉంటుంది, దాంతో పోల్చుకోండి. ప్యూరిఫైయర్ పట్టేది తన దాకా తేలి వచ్చినదాన్నే. టీవీ మీద కూర్చున్నది మీ తడిబట్ట పనే. మిషన్ కొన్నాక కూడా మీరు టీవీ తుడుస్తూనే ఉంటారు. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత నన్ను తిట్టుకుంటారు.

కిందటి యాసంగి కోతలప్పుడు నేనొక పని చేశాను. ఐదు స్టీలు పళ్లాలకు కొబ్బరినూనె పల్చగా రాసి రాత్రి ఐదు చోట్ల పెట్టాను: కిటికీ గట్టు మీద, మంచం కింద, టీవీ పక్కన, దేవుడి అర ముందు, వెనక తలుపు దగ్గర. తెల్లారి చూస్తే కిటికీ గట్టుది నేననుకున్నంత లేదు. వెనక తలుపు దగ్గరిదాని మీద వేలు పెడితే గరగరలాడింది. ఆ తలుపు కింద చిటికెన వేలు పట్టేంత సందు ఉంది. పదేళ్లుగా దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నా చూడలేదు. దేవుడి అర ముందున్న పళ్లెం నల్లగా జిడ్డు పట్టింది. అందులో మిల్లు తప్పేం లేదు, నా అగరబత్తులదే. తలుపుకు అడుగున రబ్బరు పట్టీ కొట్టించాను, అగరబత్తులు మూడు నుంచి ఒకటికి దిగాయి. మీరూ మిషన్‌కు ముందు ఈ పళ్లాల పని చేసి చూడండి. పొడి చీపురుతో ఊడ్చడం మానేసి ముందు తడిబట్టే పెట్టండి. చీపురు దుబ్బను ఎత్తదు, లేపుతుంది. రాత్రి దోమల కాయిల్ వెలిగించే అలవాటుంటే మానేసి దోమతెర కట్టండి. కాయిల్ పొగ ముందు ఏ ప్యూరిఫైయరైనా ఆయాసపడాల్సిందే.

ఇంత చేశాక మిషన్ మాట. దుబ్బకు కావలసింది హెపా ఫిల్టరు, అంటే సన్నటి దుబ్బను కూడా పట్టే దట్టమైన పోగుల ఫిల్టరు. ‘హెపా టైప్’, ‘హెపా లాంటిది’ అని రాసి ఉంటే పక్కన పెట్టండి. హెచ్13 అని ఉందేమో చూడండి. ఆ రకం, పట్టడానికి అన్నిటికన్నా కష్టమైన సైజు కణాలను కూడా 99.95 శాతం ఆపుతుంది. తర్వాత సీఏడీఆర్ అడగండి, అంటే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో ఆ లెక్క. మీ పడకగది పన్నెండు పదులు, స్లాబు పది అడుగులు అనుకుందాం. 1200 ఘనపు అడుగులు, అంటే 34 ఘనపు మీటర్లు. ఆ గాలి గంటకు ఐదుసార్లు ఫిల్టరులో నుంచి పోవాలి, కాబట్టి 170. కానీ డబ్బా మీది అంకె ఫుల్ స్పీడుది. ఫుల్ స్పీడులో ఆ చప్పుడుకు అత్తమ్మ పడుకోలేరు, రెండో రోజే స్విచ్ తీసేస్తారు. అందుకని 250 దగ్గరది తీసుకుని నడిమి స్పీడులో నడపండి. నలభై వాట్లది రాత్రి పది గంటలు నడిస్తే నెలకు 12 యూనిట్లు, కరెంటు బిల్లుకు భయపడక్కర్లేదు. భయపడాల్సింది ఫిల్టరు ధరకు. మిషన్ రేటు కంటే ముందు దాని ఫిల్టరు రేటు అడగండి, ఎన్నాళ్లకు మార్చాలో అడగండి. పదిహేను వేలూ మిషన్ మీదే పెట్టకండి, మొదటి ఫిల్టరు డబ్బులు పక్కన ఉంచుకోండి.

వాసనకు హెపా ఏమీ చేయదు. వాసన కణం కాదు, వాయువు. దాన్ని పట్టేది యాక్టివేటెడ్ బొగ్గు. కాలేజీలో ఏటా పిల్లలకు చూపించేదాన్ని: బెల్లం నీళ్లలో ఈ బొగ్గు పొడి కలిపి వడగడితే రంగు విరిగిపోతుంది. బొగ్గు దాన్ని జల్లెడ పట్టలేదు, తన ఒంటికి అంటించుకుంది. పుస్తకంలో అధిశోషణం అంటాం. మంచి రకం బొగ్గు ఒక్క గ్రాములో ఉన్న సందుగొందులన్నీ విప్పి పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది, మన లెక్కలో దగ్గర దగ్గర పది గుంటలు. అయితే పది గుంటలైనా ఎప్పుడో ఒకప్పుడు నిండుతుంది. అందుకే ఎంత తూకం బొగ్గు పెట్టాడన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న నేనే అడగలేదు. మొదటి మిషన్ కొన్నప్పుడు డబ్బా మీద ‘యాక్టివేటెడ్ కార్బన్’ అని చూసి, కెమిస్ట్రీ చెప్పినదాన్ని అయ్యుండి, సంచిలో పెట్టుకొచ్చేశాను. ఇంట్లో విప్పితే బొగ్గు పొడి అద్దిన నల్ల స్పాంజి. వంటింటి తక్కెడ మీద పెడితే స్పాంజితో సహా నలభై గ్రాములు. పది రోజులు వాసన తగ్గింది. ఆ తర్వాత మిషన్ వేస్తేనే గది కంపు కొట్టడం మొదలైంది. నిండిన బొగ్గు పట్టిన వాసనను మళ్లీ వదులుతుంది, గది వేడెక్కితే మరీ. షాపుకు పోయి అడిగితే ‘కార్బన్ ఉంది కదా మేడమ్’ అన్నాడు. నిజమే, ఉంది. మీరు మాత్రం ఫిల్టరు బయటికి తీయించి చేత్తో పట్టుకుని చూడండి. లోపల గింజలు గలగలమనాలి, చేతికి బరువు తెలియాలి.

అయాన్ల మిషన్ వద్దు. అది దుబ్బకు కరెంటు పట్టిస్తుంది, ఆ దుబ్బ పోయి గోడకూ టీవీకీ మంచానికీ అంటుకుంటుంది. ఇంట్లో నుంచి మాత్రం బయటికి పోదు. కొన్ని రకాలు ఓజోన్ కూడా వదులుతాయి. పాత జిరాక్సు సెంటరులో ముక్కుకు తగిలే ఆ ఘాటే. దగ్గున్న మనిషి గదిలో అది అసలే పనికిరాదు.

పెట్టేటప్పుడు గోడకు జానెడు ఎడం ఉంచండి. అత్తమ్మ గదిలోనే పెట్టండి, హాల్లో పెడితే హాలుకూ కాదు, గదికీ కాదు. వంటింట్లో వద్దు, పోపు నూనె ఫిల్టరును జిడ్డు చేస్తుంది. అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యానే నయం. సాయంత్రం వాసన మొదలయ్యే ముందే కిటికీలు వేసేయండి. చలికాలం తెల్లవారుజామున ‘మంచి గాలి’ అని తెరవకండి. చలికి పొగ నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, మధ్యాహ్నం తెరవండి.

డాబా మీది నుసికి మీ ఇంట్లో మందు లేదు. అది పొగగొట్టం దగ్గర ఆగాలి. వీధిలో పదిమంది సంతకాలు పెట్టి కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. తెల్లబట్ట మీద పడిన నుసి ఫొటో, తేదీ, టైము జతచేయండి. 2019లో గాలి బాగు చేయాల్సిన ఊర్లని కేంద్రం 102 పేర్లు ప్రకటిస్తే, మన రాష్ట్రం నుంచి హైదరాబాద్, పటాన్‌చెరుతో పాటు నల్లగొండ ఉంది. అంటే మన జిల్లా గాలి సంగతి ఢిల్లీ దాకా తెలుసు. మీ వీధి సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మా ఇంటి మేడ మీద గది పిల్లలు సెలవులకు వస్తేనే తెరుస్తాం. తెరవగానే మోరీ కంపు. ఫినాయిల్ పోశాం, రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టాం. ప్యూరిఫైయర్ పెడితే పోతుందా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, మహబూబ్‌నగర్

జవాబు: ఒక చెంబు నీళ్లతో పోతుంది సార్. బాత్రూం జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నె ఉంటుంది, ప్లంబర్లు నానీ ట్రాప్ అంటారు. ఆ నీళ్లే పైపులోని కంపుకు మూత. వాడని గదిలో, మీ పాలమూరు ఎండకు, ఆ నీళ్లు ఎండిపోయి పైపు నోరు తెరుచుకుంటుంది. జాలీలో, వాష్ బేసిన్‌లో చెంబెడు చొప్పున పోసి కిటికీ తెరిచి గంట ఆగండి. వారానికోసారి ఎవరో ఒకరు పైకెళ్లి పోస్తే చాలు. నెలల తరబడి ఊరికెళ్తుంటే నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె వేయండి, త్వరగా ఆరవు. అప్పటికీ పోకపోతే గోడ చెమ్మ చూడండి. చెమ్మ వాసనకు ప్యూరిఫైయర్ పెట్టడమంటే కారుతున్న ట్యాంకు కింద బకెట్ పెట్టడమే.

ప్రశ్న: ఆరు నెలలకే హెపా ఫిల్టరు నల్లబడింది. సర్ఫ్ నీళ్లలో నానబెట్టి కడిగి ఎండబెట్టాను. కొత్తదానిలా తెల్లగా వచ్చింది. మళ్లీ పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: వద్దు. తెల్లగా వచ్చింది కానీ దాని పోగులు చెదిరి ఉంటాయి, వాటి మీద విద్యుదావేశం ఉంటే అదీ పోయి ఉంటుంది. ఇప్పుడు గాలి హాయిగా పోతుంది, దుబ్బతో సహా. కడగాల్సింది ముందుండే జాలీని, అదీ రెండు వారాలకోసారి. ఆ పని చేసి ఉంటే హెపా ఇంత త్వరగా నల్లబడేది కాదు. కొత్తది కొనండి, పాతది మడతలు బాగున్నాయని దాచకండి.