కీమో తర్వాత పాదాల్లో స్పర్శ పోతే దాన్ని తిమ్మిరి అనకండి

కీమో ముగిసి ఎనిమిది నెలలైనా రెండు పాదాలూ తిమ్మిరెక్కినట్టే ఉన్నాయి, ఏ మందు వాడితే తగ్గుతుంది, ఎన్నాళ్ళకు మామూలవుతుంది అని అడిగారు. మందు సంగతి చెప్తాను, ఎన్నాళ్ళన్నదీ చెప్తాను. ముందు ఒక్క మాట. దయచేసి దాన్ని తిమ్మిరి అనడం మానెయ్యండి.

నన్ను ముంచింది ఆ మాటే. ఒకే వైపు కాలు మడిచి కూర్చుంటే వచ్చేది తిమ్మిరి. లేచి విదిలిస్తే పోయేదీ తిమ్మిరే. చిన్నప్పటి నుంచీ అందరికీ వచ్చిపోయేది కాబట్టి ఆ మాట చెవిన పడగానే ఎదుటి మనిషి మనసు తేలికైపోతుంది. చెప్పేవాళ్ళ మనసు కూడా.

నాకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వారానికొకసారి చొప్పున 12 వారాలు ఎక్కించారు. అయిదో వారానికి వేళ్ళ కొసల్లో చీమలు పాకడం మొదలైంది. ఎనిమిదో వారానికి అరికాళ్ళకు ఎవరో అట్ట అంటించినట్టు అయింది. సూది పెట్టే ముందు ప్రతిసారీ నర్సు అడిగేది, ఏమైనా ఇబ్బంది ఉందా అని. "కొంచెం తిమ్మిర్లమ్మా, అంతే" అనేదాన్ని. ఆ అమ్మాయి అదే రాసుకునేది. డాక్టరు గారు ఆ కాగితం చూసి "వస్తుంటాయండీ, మెల్లగా పోతాయి" అనేవారు. పన్నెండు వారాలూ అలాగే గడిచిపోయాయి.

అదే నేను "జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోతున్నాను, చెప్పు కాలికి ఉందో ఊడిందో చూస్తే తప్ప తెలియడం లేదు" అని చెప్పి ఉంటే? మోతాదు తగ్గించడమో, ఒక వారం ఆపడమో, మందు మార్చడమో ఆలోచించేవాళ్ళు. ఇది తిమ్మిరి కాదు, కీమో మందు నరాలను కొట్టే దెబ్బ. అలా నరాలు దెబ్బతినకుండా ఆపే మందు ఇప్పటిదాకా ఏదీ రుజువు కాలేదు. దెబ్బ పడుతున్నప్పుడు చేయగలిగింది కీమోలో మార్పు ఒక్కటే. ఆ మార్పు చేయాలా వద్దా అన్నది క్యాన్సర్‌తో ముడిపడిన నిర్ణయం కాబట్టి డాక్టరే తేల్చాలి, నిజమే. కానీ తేల్చడానికి వాళ్ళ ముందు సంగతి ఉండాలి కదా. మీకు కీమో అయిపోయింది, ఈ ముక్క మీకు పనికిరాదు. ఇంకా నడుస్తున్నవాళ్ళు ఎవరైనా చదువుతారని రాస్తున్నాను.

ఇంకొక బాధ కూడా చెప్పుకోవాలి. నొప్పి ఎంతుందో 0 నుంచి 10 లోపు అంకె చెప్పమంటారు. నాకు నొప్పి లేదు. సున్నా అన్నాను, సున్నా వేశారు. ఆ సున్నాయే నా జబ్బు అని వాళ్ళకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. మంటలూ పోట్లూ ఉన్నవాళ్ళ బాధ ముఖంలో కనబడుతుంది. స్పర్శ పోయినవాళ్ళది ఎవరికీ కనబడదు.

నాకు ఎప్పుడు కనబడిందంటే, కీమో ముగిసిన అయిదో నెలలో. సాయంత్రం వంటింట్లో పని చూసుకుని హాల్లోకి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి మంచినీళ్ళ కోసం లేస్తే గచ్చు మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. వంటింటి గుమ్మం దగ్గర నుంచి వరసగా ఉన్నాయి. మా అమ్మాయికి ఏదో తెగిందనుకుని "ఏమ్మా, కాలికేమైనా తగిలిందా?" అని కేకేశాను. లోపలి గదిలోంచి "లేదమ్మా" అంది. సరేలే, ముందు తుడుద్దాం, ఎవరైనా జారతారు అని గుడ్డ తడిపి తెచ్చాను. వంగి ఒక్కొక్క చుక్కా తుడుచుకుంటూ వెనక్కి నడుస్తున్నాను. తుడిచిన చోట మళ్ళీ పడుతోంది. అప్పటికీ నాకు వెలగలేదు. నీళ్ళు ఎక్కువై పాకిందేమో అనుకుని గుడ్డ పిండుకుని మళ్ళీ తుడిచాను. ఇంతలో అమ్మాయి బయటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మా, నీ కాలు" అంది.

కాలెత్తి చూసుకుంటే ఎడమ అరికాల్లో, వేళ్ళ మొదట్లో, గోరంత గాజుముక్క నిలువునా దిగి ఉంది. ముందురోజు గ్లాసు పగిలితే ఊడ్చాను, ఒక ముక్క ఎక్కడో మిగిలిపోయింది. ఎన్ని అడుగులు వేశానో తెలియదు, ప్రతి అడుగుతో దాన్ని ఇంకాస్త లోపలికి తొక్కుకున్నాను. అమ్మాయి ఏడుస్తూ లాగింది. లాగుతుంటే చర్మం ఎక్కడో దూరాన కదిలినట్టు అనిపించింది, అంతే. కుట్లు పడ్డాయి, మానింది. కానీ చాలా రోజులు నిద్ర పట్టలేదు. నా ఇంట్లో నా రక్తాన్నే చూసి, ఇది ఎవరిదా అని వెతికాను.

తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు తిమ్మిరి అనలేదు. "గాజుముక్క దిగినా తెలియలేదండీ" అన్నాను. డాక్టరు గారు కుర్చీలోంచి లేచొచ్చి చెప్పులు విప్పమన్నారు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, అంటే కొడితే అదిరే లోహపు కడ్డీ, మోగించి బొటనవేలి ఎముక మీద ఆనించారు. అదురుతోందా ఆగిందా అంటే నాకేమీ తెలియలేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలంతా తాకుతూ పోయారు. పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకుని నిలబడమంటే పక్కకు ఒరిగిపోయాను. ఇదంతా పది నిమిషాల పని. అయిదో వారంలోనే చేసి ఉండొచ్చు. మీకు ఈ పరీక్షలు చేశారా? చేయకపోతే అడిగి చేయించుకోండి. రక్తంలో విటమిన్ బి12 స్థాయి, షుగరు కూడా చూడమనండి. అవి తేడాగా ఉంటే నరాల మీద రెండో దెబ్బ పడుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకు బి12 తగ్గే అవకాశం ఎక్కువ.

ఇక మందు. మొద్దుబారడాన్ని పోగొట్టే మాత్ర లేదు. వినడానికి కష్టంగా ఉంటుంది, నాకూ అలాగే ఉండింది. మంట, పోట్లు ఉంటే మాత్రం డులాక్సెటీన్ అని ఒకటుంది. 2013లో 231 మంది మీద జరిపిన పరీక్షలో, మొదటి వారం 30 మిల్లీగ్రాములు, తర్వాత నాలుగు వారాలు 60 చొప్పున ఇస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకన్నా వీళ్ళకు నొప్పి ఎక్కువ తగ్గింది. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2014లోనూ, మళ్ళీ 2020లోనూ, ఈ నొప్పికి సిఫార్సు చేసింది ఆ ఒక్క మందునే. డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు, ఉన్నట్టుండి ఆపకూడదు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ కూడా రాస్తుంటారు, కొందరికి నొప్పి తగ్గుతుందేమో. నాకైతే మత్తు, తల తిరగడం తప్ప ఒరిగిందేమీ లేదు. అసలే తూలే మనిషికి తల తిరిగే మాత్ర ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

చుట్టాలు, స్నేహితులు తెచ్చిచ్చే బలం మాత్రలతో మాత్రం జాగ్రత్త. నరాలకు మంచిదని ఇంట్లో మూడు రకాల సీసాలు చేరాయి. మూడింట్లోనూ విటమిన్ బి6 ఉంది. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది! అసిటైల్ ఎల్ కార్నిటీన్ అనే బలం మాత్ర అయితే ఇంకా ఘోరం. నాకు ఎక్కించినలాంటి మందే తీసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళకు నరాలు కాపాడాలని ఇచ్చి చూస్తే, 2013లో వచ్చిన ఫలితాల్లో అది వేసుకున్నవాళ్ళకే నరాల దెబ్బ ఎక్కువైంది. తెచ్చేవాళ్ళది ప్రేమే. సీసా తీసుకుని పక్కన పెట్టండి.

మందు కన్నా నాకు పనికొచ్చింది బ్యాలెన్స్ వ్యాయామం. ఇది ఎంత చెప్పినా తనివి తీరదు. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని, వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటంతో మొదలుపెట్టాను. మొదటిరోజు రెండు సెకన్లు. ఆరు నెలలకు గట్టు మీద ఒక్క వేలు ఆనించి ఇరవై. తర్వాత గోడ పక్కగా, మడమకు వేళ్ళు తగిలేలా అడుగులో అడుగు. స్పర్శ రాలేదు, కానీ తూలడం తగ్గింది. పడతానన్న భయం తగ్గింది. నేలెక్కడుందో పాదాల నుంచి కబురు రాకపోతే ఆ పని కళ్ళు చేస్తాయి. అందుకే చీకట్లో మన పని అయిపోతుంది. రాత్రి బాత్రూముకు వెళ్ళే దారంతా చిన్న లైటు వెలుగుతూ ఉండాలి, బద్ధకించి ఒక్క అడుగు కూడా చీకట్లో వేయొద్దు. ఎవరూ చెప్పనిది ఇంకోటి: ముఖానికి సబ్బు పెట్టుకుని కళ్ళు మూసుకోగానే తూలుతుంది. ఒక చెయ్యి సింకు మీద ఉంచండి.

నీళ్ళ వేడి పాదంతో చూడొద్దు, మోచేత్తో చూడండి. వేళ్ళకూ స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి చేత్తో కూడా నమ్మకం లేదు. వేడినీళ్ళ సంచీతో కాపడం అస్సలు వద్దు, బొబ్బలెక్కినా తెలియదు. బూట్లు తొడిగే ముందు తిరగేసి దులిపి లోపల చూడండి. ఇంట్లో కూడా వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకోండి. రాత్రి పడుకునే ముందు అద్దం పెట్టుకుని అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. బ్రేకు మీద కాలు ఉందో లేదో వంగి చూడాల్సి వస్తే కారు నడపొద్దు. అది మీ ఒక్కరి సంగతి కాదు.

"ప్రాణం దక్కింది, కాళ్ళ తిమ్మిరికి ఇంత గొడవా?" అని నాతో అన్నవాళ్ళు ఉన్నారు. మీతోనూ అంటారు. ప్రాణం దక్కింది కాబట్టే కదా నడవాలి. ఆ కాళ్ళతో ఇంకా చాలా ఏళ్ళు నడవాల్సినదాన్ని నేను.

ఎన్నాళ్ళు అంటే, ఇలా ఆలోచించండి. నరం లోపల సన్నని గొట్టాల్లాంటివి ఉంటాయి, వెన్ను దగ్గర తయారైన సరుకు వాటి వెంట కొసదాకా చేరుతుంది. పాక్లిటాక్సెల్ క్యాన్సర్ కణం చీలకుండా బిగించేది అలాంటి గొట్టాలనే, దాంతో నరాల్లోవీ బిగుసుకుపోతాయి. నడుము నుంచి కాలివేలిదాకా వచ్చే నరం శరీరంలో అన్నిటికన్నా పొడవు, దాదాపు మీటరు. అందుకే ముందు పాదాలే. నరం తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. కొసలే ఎండితే అంత పొడవూ పెరగనక్కర్లేదు, కానీ ఎంత నెమ్మదో తెలుస్తుంది. ఎనిమిది నెలలంటే మీకింకా సమయం ఉంది. నాకు నాలుగో ఏడు నడుస్తోంది. మడమలు ఏడాదికి తిరిగొచ్చాయి. పాదం నడిమి భాగం రెండేళ్ళకు వచ్చింది, తడి నేలా పొడి నేలా ఇప్పుడు తెలుస్తోంది. బొటనవేళ్ళు రాలేదు.

మీకు ఏ మందు ఎక్కించారో రాయలేదు. ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్ లాంటివైతే లెక్క వేరు. వాటితో కీమో ఆపేశాక కూడా కొన్ని నెలలు మొద్దుబారడం పెరుగుతూ పోవచ్చు, ఆ తర్వాతే తగ్గుముఖం. క్యాన్సరే తిరగబెట్టిందని అప్పుడు చాలామంది హడలిపోతారు. మందు పేరు, మొద్దు ఎక్కడిదాకా పాకింది, వేళ్ళ దాకానా చీలమండ దాకానా, కళ్ళు మూసుకుంటే నిలబడగలుగుతున్నారా, ఇవి రాయండి. పక్కన ఎవరైనా ఉన్నప్పుడే కళ్ళు మూసి చూడండి.