రిజిస్టరులో పేరు దొరికింది... మరి మీవాడేనా?

ప్రశ్న: మా అమ్మమ్మ ముత్తాత సైనికుడిగా ఇంగ్లండ్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. 1826 నాటి ఆయన డిశ్చార్జి కాగితంలో వయసు 35 అనీ, పుట్టింది నార్‌ఫోక్ కౌంటీలోని ఒక పల్లె పారిష్ (ఒక చర్చి పరిధి కింద ఉండే ఊరు) అనీ ఉంది. ఆ పారిష్ బాప్తిస్మాల ఇండెక్సులో 1791లో అదే పేరు దొరికింది. తల్లిదండ్రుల పేర్లూ ఉన్నాయి. వంశవృక్షంలో రాసేసుకోవచ్చా?
- సికింద్రాబాద్ పాఠకురాలు

జవాబు: పెన్సిలుతో రాసుకోండి. సిరా పెట్టే ముందు చేయాల్సిన పని చాలా ఉంది.

మొదట ఖననాల రిజిస్టరు తెరవండి. చాలామంది వదిలేసేది ఇదే. ఆ రోజుల్లో పసిపిల్లల మరణాలు ఎక్కువ. 1791లో బాప్తిస్మం పొందిన ఆ పిల్లవాడు రెండేళ్లకే పోయి ఉంటే, చర్చి పక్కన మట్టిలో కలిసినవాడు మద్రాసుకు ఎలా వస్తాడు? 1813కు ముందు ఖననాల్లో వయసు తరచుగా రాయరు. ‘ఫలానావారి కొడుకు’ అనో, ‘పసిబిడ్డ’ అనో ఉంటుంది. ఖననం కనబడకపోయినా ఇంకో గుర్తు ఉంది. అదే దంపతులు రెండు మూడేళ్ల తర్వాత మరో కొడుక్కి మళ్లీ అదే పేరు పెట్టారంటే, మొదటివాడు దాదాపుగా చనిపోయినట్టే.

తర్వాత అదే పేరున్న ఇతరుల సంగతి చూడాలి. తాత పేరు మనవడికి పెట్టడం మనకు అలవాటే. అక్కడా అంతే. అన్నదమ్ములిద్దరూ తండ్రి పేరునే తమ కొడుకులకు పెడితే, ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, ఇంచుమించు ఒకే ఈడువాళ్లు ఇద్దరు తయారవుతారు. పైగా సైన్యంలో చేరేవాళ్లు చెప్పిన వయసు అంత నమ్మదగింది కాదు. అందుకే 1786 నుంచి 1796 వరకు, ఆ ఊరితో పాటు చుట్టూ పది మైళ్లలోని పారిష్‌లన్నీ వెతకాలి. ఆయన ‘నా ఊరు’ అని చెప్పింది పెరిగిన ఊరు కావచ్చు. బాప్తిస్మం తల్లి పుట్టింటి పారిష్‌లో జరిగి ఉండొచ్చు.

ఇంతకన్నా గట్టి పద్ధతి, ఆ పారిష్‌లో ఆయన ఇంటిపేరు ఉన్న ప్రతి నమోదునూ 1750 నుంచి 1820 వరకు ఎత్తి రాసుకోవడం. మూడు వందల జనాభా ఉన్న పల్లెలో ఏడాదికి పది, పన్నెండు బాప్తిస్మాలకు మించవు. డెబ్బై ఏళ్లకు ఎనిమిది వందల చిల్లర. నాలుగైదు సాయంత్రాలు కూర్చుంటే అయిపోతుంది. ఒక్కో దంపతులకు ఒక్కో కాగితం కేటాయించి పెళ్లి, పిల్లలు, ఖననాలు వేస్తూ పోండి. ఎవరు ఊళ్లోనే పెళ్లాడి ముసలివాడై పోయారో, ఎవరి జాడ రిజిస్టరులో ఉన్నట్టుండి ఆగిపోయిందో తెలిసిపోతుంది. మీకు కావాల్సింది ఆ జాడ ఆగిపోయినవాడు.

ఇండెక్సుతో సరిపెట్టుకోవద్దు, పేజీ బొమ్మనే చూడండి. పాత రాతలో పొడుగు ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’లా ఉంటుంది. పదం మొదట్లో రెండు చిన్న ‘ఎఫ్’లు పక్కపక్కన ఉంటే అది పెద్ద ‘ఎఫ్’. జేమ్స్‌కు, జోసెఫ్‌కు వాడే పొట్టి రూపాల్లో తేడా ఒక్క అక్షరమే, సిరా అలుక్కుంటే ఇండెక్సు చేసినవాళ్లు పొరబడతారు. 1733కు ముందైతే లాటిన్ కూడా ఎదురవుతుంది. గులియెల్ముస్ అంటే విలియం, జాకోబుస్ అంటే జేమ్స్. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. బాప్తిస్మాల పేజీకి ఎనిమిది గడులు, ఒక్కో గడిలో తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి, పాదిరి సంతకం. మార్జిన్‌లో చిన్నగా రాసిన పుట్టిన తేదీ లాంటివి ఇండెక్సులోకి ఎక్కవు.

చివరిగా, రిజిస్టరుకు బయట నుంచి ఒక సాక్ష్యం సంపాదించండి. తండ్రి వీలునామాలో ఇండియాలో ఉన్న కొడుకు ప్రస్తావన ఉంటే అంతకన్నా ఏం కావాలి? 1858కు ముందు వీలునామాలు చర్చి కోర్టుల్లో రుజువయ్యేవి కాబట్టి ఆ కోర్టుల దస్తావేజుల్లో వెతకాలి. ఇక్కడి వైపు ఆయన పెళ్లి, పిల్లల బాప్తిస్మాల కోసం లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో మద్రాసు చర్చిల వరస చూడండి. దాని గుర్తు ‘ఎన్/2’. నార్‌ఫోక్ పాత రిజిస్టర్లు నారిచ్‌లోని కౌంటీ రికార్డు ఆఫీసులో ఉంటాయి. ఇంటి నుంచి మొదలుపెట్టడానికి ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్ వెబ్‌సైట్లు రెండూ ఉచితమే.

ప్రశ్న: ఒక జంటకు 1723 జూన్ 10న పెళ్లి. వాళ్ల బిడ్డ బాప్తిస్మం 1723 ఫిబ్రవరి 5. పెళ్లికి ముందే బిడ్డా?
- గుంటూరు పాఠకుడు

జవాబు: కాదు. మనకు ఉగాదితో సంవత్సరం మారినట్టు, ఇంగ్లండ్‌లో 1751 వరకు మార్చి 25తో మారేది. కాబట్టి 1723 జూన్ తర్వాతే 1723 ఫిబ్రవరి వస్తుంది. ఇప్పటి లెక్కలో అది 1724 ఫిబ్రవరి 5. పెళ్లయిన ఎనిమిది నెలలకు ఐదు రోజులు తక్కువ. పెళ్లినాటికే గర్భం ఉండటం ఆనాటి పల్లెల్లో అరుదేమీ కాదు. జనవరి 1 నుంచి మార్చి 24 వరకు వచ్చే ప్రతి తేదీనీ 1723/24 అని రెండు సంవత్సరాలతో రాసుకోండి. ఏదో ఒకటే రాస్తే, ఆరు నెలల తర్వాత అది పాత లెక్కో కొత్త లెక్కో మీకే గుర్తుండదు. 1752లో సెప్టెంబరు 2 మర్నాడు 14 వచ్చింది. ఆ మధ్య పదకొండు రోజుల్లో నమోదులు కనబడకపోతే పేజీ పోయిందని కంగారుపడకండి.

ప్రశ్న: మాకు కావాల్సిన పారిష్ రిజిస్టరులో కొన్ని పేజీలు ఎలుకలు కొట్టేశాయట. దారి మూసుకుపోయినట్టేనా?

జవాబు: 1598 నుంచి ప్రతి పారిష్ ఏటా తన నమోదుల నకలు బిషప్‌కు పంపాల్సి ఉండేది. ఆ విడి కాగితాలు బిషప్ దస్తావేజులతో కలిపి, చాలాచోట్ల అదే కౌంటీ రికార్డు ఆఫీసులో ఉంటాయి. రిజిస్టరు బాగున్నా వీటిని పోల్చి చూడటం మంచిది. నకలు రాసేటప్పుడు వదిలేసిన పేర్లూ ఉంటాయి, అదనంగా చేర్చిన వివరాలూ ఉంటాయి. అంతర్యుద్ధం మొదలైన 1642 నుంచి 1660 దాకా మాత్రం చాలా ఊళ్లలో రెండూ ఖాళీయే.

ప్రశ్న: మావాళ్లు వ్యవసాయ కూలీలు. వీలునామాలు, భూములు ఏవీ లేవు. ఊరు మారిన కూలీ ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసుకునేదెలా?
- డాలస్ నుంచి తెలుగు పాఠకురాలు (భర్త కుటుంబం ఇంగ్లండ్ మూలాలున్నది)

జవాబు: నిరుపేద అయితేనే జాడ బాగా దొరుకుతుంది. పేదలను పోషించే బాధ్యత పారిష్‌ది. 1662 చట్టం తర్వాత, ఎవరిని ఏ ఊరు పోషించాలన్నదే పెద్ద తగాదా. సాయం అడిగిన, అడుగుతాడేమో అనిపించిన మనిషిని ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి ప్రమాణం చేయించి అడిగేవారు. ఎక్కడ పుట్టావు? ఎవరి దగ్గర, ఎంత జీతానికి, ఎన్నాళ్లు పనిచేశావు? పెళ్లి ఎప్పుడు? పిల్లల వయసులెంత? జవాబులన్నీ ఒక కాగితం మీద రాసి, కింద అతనితో ఇంటూ గుర్తు పెట్టించేవారు. పెళ్లికాని పాలేరు ఒకే యజమాని దగ్గర నిండా ఏడాది చేస్తే ఆ ఊరి పోషణ పొందే హక్కు వచ్చేది. అందుకే కొందరు రైతులు 51 వారాలకే కుదుర్చుకునేవారు. ఆ పారిష్ మీద భారం పడకుండా చూసుకోవడానికి. భార్యకు భర్త ఊరే దక్కేది. భర్త పోయిన ఆడమనిషిని, తాను ఎన్నడూ చూడని అతని ఊరికి పిల్లలతో సహా బండెక్కించి పంపిన ఉత్తర్వులు ఉన్నాయి.

ఈ కాగితాలు బాప్తిస్మాల, ఖననాల రిజిస్టర్లలో ఉండవు. రికార్డు ఆఫీసు కేటలాగులో ఆ పారిష్ పేరు కింద ‘పేదల పర్యవేక్షకుల కాగితాలు’ అన్న విభాగం చూడండి. ఊరి పేరుతో, 1690 నుంచి 1834 వరకు అని అడగండి. చాలావాటికి పేర్ల సూచిక ఉండదు కాబట్టి కట్ట మొత్తం తెప్పించుకుని, ఒక్కో కాగితం విప్పి చదవాల్సిందే. పాత ఊరు, కొత్త ఊరు రెండింటి కట్టలూ అడగండి. ఉత్తర్వుకు రెండు ప్రతులుండేవి, ఒకచోట పోయింది రెండోచోట మిగిలి ఉండొచ్చు.