కుక్కను పెంచితే మనకేం తెలుస్తుంది?

కుక్కను పెంచితే మనిషి నిజంగా ఏమైనా నేర్చుకుంటాడా అని అడిగారు. నాకు మొదట తెలిసిందేమిటంటే, మనం ప్రేమగా పెట్టేది ఎదుటివాళ్లకి పడకపోవచ్చని. వీధిలోంచి తెచ్చుకున్న మా కుక్కపిల్లకి మిగిలిన సాంబారన్నం ముద్దుగా పెట్టేవాళ్లం. ఉల్లిపాయ కుక్కల రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుందని, వండినా ఆ గుణం పోదని డాక్టర్ చెప్పాకే మానేశాం. చాక్లెట్, ద్రాక్ష కూడా వాటికి విషమే.

ఇంకోటి, మాటల్లేకుండా గమనించడం. రోజూ గేటు చప్పుడుకే పరిగెత్తుకొచ్చేది, ఓ సాయంత్రం తోక మాత్రం ఆడించి గోనెపట్టా మీదే పడుకుంది. చూస్తే వేళ్ల సందులో పల్లేరు కాయ! అప్పటి నుంచి ఇంట్లో ఎవరు ముభావంగా ఉన్నా ఓసారి పలకరిస్తున్నాను.

ఓపిక సంగతి అడక్కండి. వానైనా సరే, తెల్లారి అయిదింటికి గొలుసు నోట కరుచుకుని మంచం పక్కన నిలబడుతుంది.